శిల్పశారీరము

భారతీయశిల్పికి శరీరజ్ఞానము లేదను నపవాదు నూఱేండ్లకుఁ బైఁబడి వినవచ్చుచున్నది. 1910వ సంవత్సరమున లండనులోని రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్సు సభలో హావెలు భారతీయకళనుగూర్చి యుపన్యసింపఁగా, అధ్యక్షస్థానము నలంకరించిన సర్ జార్జి బర్డ్‌వుడ్డు ధ్యానముద్రనున్న యొక బుద్ధవిగ్రహమును నిరసించుచు, దానిని ఉడికించిన కొవ్వుపిండిముద్దతోఁ బోల్చెను. ఆ మాటకు నొచ్చుకొని పదుమువ్వురు చిత్రకారులును విమర్శకులును పత్రికాముఖమున నిరసన ప్రకటించిరి; ఇండియా సొసైటీ యనునది యా యేఁటనే పుట్టెను. నాలుగేండ్లు గడచినపిదప, 1914లో, అవనీంద్రనాథ ఠాకూరుగారి చిన్నపుస్తక మొకటి కలకత్తాలో వెలువడినది. భారతీయశిల్పమునందలి యంగవిన్యాసమును వివరించు నా గ్రంథమును వంగభాషనుండి యాంగ్లమునకుఁ బరివర్తించినవారు సుకుమారరాయలు. బొమ్మలు వ్రాసినవారు నందలాలు వసువును, మైసూరు వేంకటప్పయును. బర్డ్‌వుడ్డు మాటకు వెలువడిన ప్రత్యుత్తరములలో నిదియే యెక్కువకాలము నిలిచినది.

ఆ గ్రంథముయొక్క వాద మొక్కవాక్యమునఁ జెప్పవచ్చును. భారతీయశిల్పికిఁ బ్రమాణము శవపరిచ్ఛేదనము కాదు, ఉపమానము. కనుబొమ వేఁపాకు, లేక విల్లు, కన్ను మీనము, లేక తామరఱేకు, నాసిక నువ్వుపువ్వు, లేక చిలుకముక్కు, పెదవి దొండపండు, గడ్డము మామిడిటెంక, కంఠము శంఖము, మొండెము గోముఖము, ముంజేయి లేఁతయరఁటి, మోకాలు ఎండ్రకాయచిప్ప, పిక్క గర్భముతోనున్న చేఁప. వీనిలో ననేకములు తెనుఁగుకావ్యములు చదివినవారికిఁ జిరపరిచితములే. కవి చెప్పినది శిల్పి చెక్కెననియు, కావ్యోపమానములే యాతని శారీరకపటము లనియు గ్రంథకర్త యాశయము. శాస్త్రము శిల్పికి సంకెలగా నుండరాదనియు, పూజార్హములగు విగ్రహములకే ప్రమాణనిర్బంధ మనియు నాయన యందే హెచ్చరించినాఁడు. ఆయన ననుసరించినవా రా హెచ్చరిక మఱచి, ఉపమానపట్టికనే వేదముగాఁ గైకొనిరి. తత్ఫలితముగా నేఁటికిని రెండుపక్షములు నిలిచియున్నవి. శిల్పికి శరీరము తెలియదనునది యొకటి. తెలిసియుఁ గావలెనని త్యజించెననునది రెండవది. ఈ రెండును తెనుఁగుదేశమునందలి ఱాళ్లయెదుట నిలుచునా యని పరీక్షించుట యవసరము.

ముందుగాఁ దాళమానమును గూర్చిన యొక భ్రమను దొలఁగింపవలయును. శిల్పశాస్త్రములలోఁ దాళమనఁగా ముఖప్రమాణము, అది పండ్రెండంగుళములు. నవతాళవిగ్రహమున ముఖ మొకతాళము, కంఠమునుండి హృదయమువఱకు నొకటి, హృదయమునుండి నాభికి నొకటి, నాభినుండి మేఢ్రమునకు నొకటి, తొడలు రెండు, జంఘలు రెండు, ఇవి యెనిమిది. కంఠము, మోకాలు, పాదపుటెత్తు నొక్కొక్కటి నాలుగేసి యంగుళములై తొమ్మిదవతాళమును బూరించును. మొత్తము 108 అంగుళములు. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము పురుషులను హంస, భద్ర, మాలవ్య, రుచక, శశకులని యైదు తెఱఁగులుగా విభజించి, వారి యెత్తులు వరుసగా 108, 106, 104, 100, 90 అంగుళములని చెప్పుచున్నది. ఇది లెక్కయే గాని శారీరకము గాదు. ఎముక యెక్కడ మొదలయ్యెనో, కండ యెక్కడ బిగిసెనో తాళము చెప్పదు. ఒకే తాళమునఁ జెక్కిన రెండువిగ్రహములలో నొకటి ప్రాణముతో నూఁగుటయు, నొకటి మ్రానై నిలుచుటయుఁ జూచుచునే యున్నాము. కావునఁ దాళమానమును జూపి శిల్పికి శరీరము తెలియునని వాదించువారును, ఆ కొలఁత ప్రకృతికి సరిపడదు గావునఁ దెలియదని వాదించువారును, ఉభయులును గొలబద్దనే కొట్టుచున్నారు.

అమరావతిఱాళ్లకు రావలయును. కర్నలు మెకంజీ 1797లో నీ స్తూపమును జూచెను, 1816లో మరల వచ్చి పటములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఎలియట్టు త్రవ్వించి శిలలను మదరాసు చేర్చెను. వానిలోఁ బెక్కు లండను చేరి బ్రిటిషు మ్యూజియమున నున్నవి, తక్కినవి చెన్నపురి వస్తుప్రదర్శనశాలలో నున్నవి. చెన్నపురియందలి నళగిరిచక్ర మొకటి చాలును. మదించిన యేనుఁగు వీథిలోఁ బడి యొకనిఁ దొండముతో నెత్తుచున్నది. అదే చక్రమున నింకొకవైపున బుద్ధునిపాదములయొద్ద మోకరిల్లుచున్నది. మేడగవాక్షములనుండి జనము తొంగిచూచుచున్నారు; వీథిలోని స్త్రీ యొకతె వెనుకకుఁ బడి తోడివాని నంటుకొనుచున్నది. ఈ స్త్రీ మొండె మేయుపమానమునకు లోఁబడును? గోముఖమునకా, డమరుకమునకా? భయముచే వెన్ను వంగి, నడుము మెలిగి, బరువంతయు నొకకాలిపైఁ బడినది. బరువు పడిన కాలివైపున కటి యెత్తగును, రెండవవైపున దిగును, భుజములు దానికి మాఱుగా వాలును. ఈ నియమమును యవనశిల్పులు కనిపెట్టిరని పాశ్చాత్యగ్రంథములు పొగడుచుండును. అమరావతిశిల్పి దానిని పళ్లెమంత వలయమున, ఇరువదిముప్పదిమంది మూఁకలో, ఒకరి వెనుక నొకరిని నిలిపి, తడఁబడక సాధించినాఁడు.

అంతకన్న గమనింపవలసిన దింకొకటి కలదు. ఈ శిల్పి వీఁపులను జెక్కినాఁడు. బుద్ధపాదములకు సాగిలపడు స్త్రీలు చూపఱులకు వీఁపు చూపుచుందురు. వెన్నుగాడి మెడనుండి నడుమువఱకు సన్నని లోయవలె దిగును, దాని కిరువంకల మాంసము మెత్తగా నుబుకును. కావ్యమున వీఁపున కేమి ప్రసిద్ధి యున్నది? ముఖమునకుఁ జంద్రుఁడు, కన్నులకుఁ గలువలు, నడుమునకు సింహము, నడకకు హంస; వీఁపునకు నట్టి రూఢోపమానము దుర్లభము. కవిచేతినుండి యుపమానము నెరవు తెచ్చుకొను శిల్పి యైనచో వీఁపుకడ నిలిచిపోవలసినదే. అతఁడు నిలువలేదు, కంటితోఁ జూచి చెక్కినాఁడు. అవనీంద్రులవాద మమరావతికడ నిట్లు తప్పుచున్నది. శరీరము తెలియదను బర్డ్‌వుడ్డువాదము మఱింత తప్పుచున్నది. అయితే అమరావతిశిల్పి చూపినది చర్మముపైఁ గనఁబడు శరీరమే. చర్మము క్రింది కండలను వేఱువేఱుగ నుబికించి చూపు నభిరుచి యాతనికి లేదు. ఇది లోపమని తలఁచువారు పదునాఱవశతాబ్దిలోఁ జర్మ మొలిచిన శవములను జూచి చిత్రలేఖన మభ్యసించిన యైరోపా సంప్రదాయమునకు బానిసలు.

హైదరాబాదునుండి యాగ్నేయముగా ఇబ్రహీంపట్నముమీఁదుగాఁ బోవు బాట నాగార్జునసాగరమునకుఁ జేరును. రంగారెడ్డిజిల్లాలోని యా పట్టణమునకుఁ బెద్దచెఱువే ప్రసిద్ధి; శిల్పార్థు లచ్చట నాఁగక మున్ముందుకుఁ బోవుదురు. జలాశయమున మునుఁగనున్న నాగార్జునకొండలోయను 1954 మొదలు 1960 వఱకుఁ ద్రవ్వి, దొరకిన శిల్పములను ద్వీపమందలి ప్రదర్శనశాలకుఁ జేర్చిరి. ఆ లోయలో దొరకినవానిలో నొక దేవతావిగ్రహము కలదు. నడుము పైభాగము పోయినది. తొడలు రెండువైపులకు విప్పి, యుత్తానపాదయై కూర్చున్నది. పీఠముపై నిక్ష్వాకురాజగు ఏహువల శాంతమూలుని దేవి ఖండువుల పేరు చెక్కఁబడినది. ఆమె యవిధవ యనియు, జీవపుత్ర యనియు శాసనము చెప్పుచున్నది. బిడ్డ బ్రదికియున్న తల్లి ప్రసవభంగిమనున్న దేవతకుఁ బ్రతిమ చేయించెను. ఇదే భంగిమనున్న యింకొకవిగ్రహ మాలంపురమున దొరకి యచ్చటి ప్రదర్శనశాలలో నున్నది. దానికిఁ దలయున్న చోటఁ దామరపువ్వు విచ్చియున్నది.

లజ్జాగౌరి యని పేరుపెట్టి యీ విగ్రహములను జూచుటకు సిగ్గుపడువారు కలరు. వానిని వేఱొక బొమ్మతోఁ బోల్చి చూచుట మేలు. 1774లో విలియం హంటరు గర్భిణీగర్భాశయమును వర్ణించు ముప్పదినాలుగు పటముల మహాగ్రంథము నచ్చొత్తించెను. పటములు వ్రాసినవాఁడు యాన్ వాన్ రిమ్స్‌డైకు. గర్భములోని శిశువు నంత నిజముగఁ జూపిన బొమ్మ యంతకుముందు లేదు. వైద్యులకు దానివలనఁ గలిగిన మేలు గొప్పది. కాని యందలి తల్లికిఁ దల లేదు. తొడలు మాంసపుదుకాణమున వలె నడ్డముగఁ గోసి, కోసినచోటి యెముకనుగూడఁ గంటఁగట్టినట్లు చూపినాఁడు. ఆలంపురమునను దల లేదు, లండనులోను దల లేదు. ఒకచోఁ దలకు బదులు పువ్వు పూచెను. ఇంకొకచోఁ గత్తి దాని నవతలఁ బెట్టెను. గర్భమే ప్రధానమని తలఁచినపుడు చిత్రకారుఁడు తక్కిన దేహమును విడుచుననుట రెండింటికిని సమానమే. ఏది విడిచినాఁడో గాక, విడిచినచోట నేమి నిలిపినాఁడో చూచినపుడే వీరివీరి తెఱఁగు తెలియును.

పాలంపేటకుఁ బోవుదము. కాకతీయగణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుఁడు 1213లోఁ బ్రతిష్ఠించిన రామలింగేశ్వరాలయమునే జనులు రామప్పగుడి యందురు. 2021లో నది ప్రపంచవారసత్వస్థలముగఁ బరిగణింపఁబడినది. మూఁడుద్వారముల కడను జూరుక్రింద నల్లఱాతితోఁ జెక్కి నునుపుపెట్టిన మదనికలు పండ్రెండుగురు వాలి నిలిచియున్నారు. గులాం యజ్దానీ 1922లోఁ బాలంపేటయాలయములపైఁ బ్రకటించిన గ్రంథమువలన వీరు పండితలోకమునకుఁ బరిచితులైరి. వీరి కాళ్లు మనుష్యస్త్రీల కాళ్లకంటె మిక్కిలి పొడవు. నడుము పిడికిటఁ బట్టునంత. అవయవసంధులలో నెముక యున్నదను జాడ లేదు. ఇచ్చట నుపమానవాదము చక్కఁగా నన్వయించును. అరఁటిబోదెయు, లేఁతీఁగయు, కలశమును గలిసి స్త్రీయైనట్లున్నది. కాని యట్లగుటకుఁ గారణము కావ్యమేనా?

కారణము నాట్యమని చెప్పుట యుక్తతరము. గణపతిదేవుని గజసేనాని జాయన 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించెను. నాట్యశాస్త్రము శరీరమును వైద్యునివలె విభజింపదు. శిరస్సు, హస్తములు, వక్షస్సు, పార్శ్వములు, కటి, పాదములు నంగములు. కన్ను, కనుబొమ, ముక్కు, పెదవి, చెక్కిలి, గడ్డము నుపాంగములు. కదలునదియు భావము చెప్పునదియు నంగము. కదలనిది లెక్కకు రాదు. కాలేయమునకు నాట్యములోఁ జోటు లేదు, కనుబొమకుఁ బెద్దపీఁట. పాలంపేటశిల్పి చెక్కినది యీ శరీరమునే. మదనికయొక్క పొడవైన కాలు చూరును మోయు తులాదండమువంటిది. నేలనుండి చూచువానికది క్రిందినుండి పైకి గుఱుచయై కనఁబడును గావునఁ బొడిగింపు కొంత యవసరము కూడ. శాస్త్రమునకును శిల్పమునకును నలువదేండ్ల యెడమున్నను రెండును నొకే రాజుకొలువున, సేనానుల యాదరమునఁ బుట్టినవి.

ఇఁక కవులవిషయము. కోలాచలమల్లినాథసూరి మెదకుసీమవాఁడు, కొలిచెలమ యాతని యూరు. కుమారసంభవమునఁ గాళిదాసు పార్వతిని బాదాంగుష్ఠమునుండి వర్ణింప నారంభించుటఁ జూచి, దేవతలను బాదాదిగను, మానుషులను గేశాదిగను వర్ణింపవలయునని యా వ్యాఖ్యాత నియమము చెప్పినాఁడు. మన ప్రబంధకవులకు నఖశిఖపర్యంతవర్ణన మొక పరీక్షవంటిది. చిత్ర మేమనఁగా, సుశ్రుతుఁడును నెముకలను గాళ్లుచేతులనుండియే లెక్కించెను: శాఖలలో 120, నడుమ 117, కంఠమునకుఁ బైని 63, మొత్తము 300. 1543లో బాసెలునగరమున వెసేలియసు ప్రకటించిన మహాగ్రంథము కపాలమును ముందు వర్ణించును. క్రమము సమానమైనంతమాత్రమున సుశ్రుతుఁడు కవులకు గురువని కాని, కవు లాతనికి గురువులని కాని చెప్పఁదగదు. దేవాలయమున పాదములకు ముందు మ్రొక్కువానికి శరీర మటనుండి మొదలగుట సహజము.

కవ్యుపమానమును శిల్ప్యుపమానమును నొకటే యనుటయే యవనీంద్రులవాదమునందలి ముఖ్యదోషము. ముక్కును గూర్చిన ప్రసిద్ధకథను స్మరింపుఁడు. నంది తిమ్మనకు ముక్కు తిమ్మన యను పేరు దెచ్చిన చాటువు వసుచరిత్రమునఁ గనఁబడుటచే, రామరాజభూషణుఁడు దానిని గొనెనని యైతిహ్యము. తుమ్మెదలు చేరని సంపెఁగపువ్వు తపస్సు చేసి నాసికయై, ఇరువంకల తుమ్మెదలవంటి చూపులను బొందెనని యా పద్యముయొక్క భావము. ఇందు ముక్కు రూపమునుగూర్చి చెప్పిన దత్యల్పము. ముక్కునకును గన్నులకును గల సంబంధమే కవికిఁ గావలసినది. ఒక చిన్నకథచే నా సంబంధమును గట్టినాఁడు. శిల్పి నువ్వుపువ్వు తీసికొన్నపుడు కథతో నతనికిఁ బని లేదు. ఆ పువ్వు మొదటఁ గృశించి, చివర నుబ్బి, అంచు వెలుపలికి మడఁగును. నాసాపుటముల వంపునకది యచ్చు. ఒకరికి సంబంధము, ఒకరికి నాకృతి. సంపెఁగను శిల్పి చెక్కిన ముక్కు చెడును. నువ్వుపువ్వు రూపమునే కవి పదేపదే పలికినఁ బద్యము చెడును. ఉత్తరకాలప్రబంధములలో వర్ణనలు నిర్జీవములగుటకుఁ గారణ మిదియే: కవులు శిల్పులపట్టికను బట్టుకొని సంబంధమును విడిచిరి. ఉత్తరకాలవిగ్రహములు కొయ్యబాఱుటయు నిట్టిదే. శిల్పులు కవులమాట విని కంటిచూపు విడిచిరి.

శరీరాంతర్భాగమును మనవారు చూడలేదా? చూచిరి. సుశ్రుతసంహితలోని శారీరస్థానము శవపరీక్షావిధిని జెప్పుచున్నది. సమగ్రావయవమై, విషహతము గాక, చిరరోగపీడితము గాక, మిక్కిలి వృద్ధము గాని కళేబరమును దెచ్చి, ప్రేవులలోని మలమును దొలఁగించి, ముంజ, కుశ మొదలగువానిచేఁ జుట్టి, పంజరమున నుంచి, ప్రవహించు నీటిలో నేకాంతస్థలమున నుంచవలయును. ఏడురాత్రులు గడచి చక్కఁగా నానినపిదప వట్టివేరు, వెండ్రుకలు, వెదురు మున్నగువాని కుంచెతో మెల్లమెల్లగ రాచుచు, చర్మము మొదలు లోపలివఱకు నొక్కొక్కపొరను గంటఁ జూడవలయును. కత్తి పేరు లేదు. నీరును గుంచెయుఁ బని చేసెను. చర్మమునకు నేడుపొరలని చెప్పి, వానిమందమును వ్రీహిధాన్యముతోఁ గొలిచినవాఁడు కన్నులు మూసికొని చెప్పినవాఁడు కాఁడు. చదివినది చూచుటయుఁ జూచినది చదువుటయు రెండును గలిసినపుడే జ్ఞానము పెరుఁగునని యాతఁడే యన్నాఁడు.

అయినను బొమ్మ లేదు. తాటియాకునకు వెడల్పు చాలదను సమాధానము చెల్లదు. ఉత్కళదేశమునఁ దాళపత్రములపై సొగసైన చిత్రములు గీచిరి. కంఠస్థమైన పాఠమే పటమనియు, బొమ్మ శవమే యనియు వారు తలఁచియుందురు. శవమును జూచు నాచార మున్నంతకాల మది చాలెను. ఆచారము తప్పినపిదపఁ బాఠ మొక్కటి మిగిలెను. పాఠమును దిద్దుటకు సాక్షి లేదు. చరకుఁడు 360 యెముకలు చెప్పెను, సుశ్రుతుఁడు 300 చెప్పెను, నేఁటి లెక్క 206. దంతములను, మృదులాస్థులను, చరకుఁడైనచో గోళ్లనుగూడఁ జేర్చుటచే నీ భేదము వచ్చినదని 1907లో హోర్న్‌లీ పండితుఁడు శ్రమించి నిరూపింపవలసివచ్చెను. చిన్నపట మొకటి యుండిన నంత శ్రమ యక్కఱ లేకపోయెడిది.

తెనుఁగుసీమలో వైద్యులు చేతఁబట్టిన గ్రంథములు బసవరాజీయమును, వల్లభాచార్యుని వైద్యచింతామణియు. ఇవి నాడీపరీక్షతో నారంభించును. శరీరమును వ్రేళ్లకొనలతో వినిన వైద్యమది. కంటితోఁ జూచినది కాదు. దానియందలి సూక్ష్మత నాక్షేపించుట తగదు. కాని బొమ్మ పుట్టుటకు దానిలో నెడము లేదు.

బొమ్మ లేకపోవుటవలనఁ గలిగిన నష్టమునకు క్లోమ మొక్కటి చాలిన సాక్ష్యము. హృదయమునకు దిగువ నెడమవైపునఁ బ్లీహయు ఫుప్ఫుసమును, కుడివైపున యకృత్తును గ్లోమమును నున్నవని సుశ్రుతుఁడు. దప్పికకు స్థానము క్లోమమని సంహితలు. అదేమి యవయవము? పిత్తాశయమని కొందఱు, శ్వాసనాళమని కొందఱు, కుడిఊపిరితిత్తి యని కొందఱు, ఆహారపాకమునకుఁ దోడ్పడు గ్రంథి యని కొందఱు వాదించిరి. తెనుఁగుపాఠ్యపుస్తకములు కడపటిదానిని స్వీకరించినవి. కావున నేఁడు బడిపిల్లవాఁడు క్లోమ మనఁగా నింగ్లీషులోఁ బాంక్రియాసని జంకక చెప్పును. పేరు వేయేండ్లకుఁ బైఁబడి నిలిచెను, వస్తువు జాఱిపోయెను, క్రొత్తవస్తువు పాతపేరుఁ దొడుగుకొనెను. 1858లో లండనున వెలువడిన గ్రేయను వైద్యుని శారీరగ్రంథమునకు హెన్రీ వాన్‌డైకు కార్టరు బొమ్మలు వ్రాసి, పేర్ల నవయవములమీఁదనే వ్రాసెను. పేరును వస్తువును విడిపోవుటకు వీలులేని యుపాయమది. ఆ కార్టరే యా యేఁడు బొంబాయి చేరి, 1888 వఱకు నీ దేశమున వైద్యోద్యోగములు చేసి, గ్రాంటు వైద్యకళాశాలలో శారీరము బోధించెను. మనవారిలో నట్టి ప్రయత్నమును గణనాథసేనులు చేసిరి. ఆయన ప్రత్యక్షశారీరము 1913లోఁ గలకత్తాలో సంస్కృతమున సచిత్రముగ వెలువడినది. పాతపేరు లెచ్చట నిలుపవచ్చునో, ఎచ్చటఁ గ్రొత్తవి కల్పింపవలయునో నిర్ణయించుటయే దానియందలి కష్టము. తెనుఁగున నా పని 1906లో స్థాపింపఁబడిన విజ్ఞానచంద్రికామండలివారి శాస్త్రగ్రంథములతో మొదలైనది. ఆచంట లక్ష్మీపతిగారివంటి వైద్యులు దానికిఁ బూనుకొనిరి.

వారు సంస్కృతమునే యాశ్రయించిరి గాని, తెనుఁగుభాష శారీరమున బీద కాదు. వెన్నుపూస, మోకాలిచిప్ప, కనుగ్రుడ్డు, గుండెకాయ, ఊపిరితిత్తి, కాలిపిక్క: ఇవన్నియు నుపమానములే. వెన్నెముకలోని ఖండములు దారమునఁ గ్రుచ్చిన పూసలు; శ్వాసాశయము గాలి నింపిన తోలుతిత్తి; మోకాలియెముక చిప్ప. వీనిని బుట్టించినవాఁడు కవి కాఁడు, శిల్పి కాఁడు. వేఁటాడినవాఁడు, మాంసము కోసినవాఁడు, విఱిగిన యెముకను గట్టినవాఁడు. పాశ్చాత్యశాస్త్రమున గంభీరముగ వినఁబడు లాటినుపేర్లును నిట్టివే. మోకాలిచిప్పకు వారి పటెల్లా యనఁగాఁ జిన్నపళ్లెము. కండకు వారి మస్క్యులసనఁగాఁ జిట్టెలుక. జంఘాస్థికి టిబియా యనఁగాఁ బిల్లనగ్రోవి. జత్రువునకుఁ గ్లావిక్యులా యనఁగాఁ జిన్నతాళపుచెవి. శవమును గోసి చూచినవానికిని పేరు పెట్టవలసివచ్చినపుడు వంటయిల్లును, ఎలుకయు, పిల్లనగ్రోవియుఁ దోడు వచ్చినవి. ఉపమానము భారతీయుల సొత్తనియు, పరిచ్ఛేదనము పాశ్చాత్యుల సొత్తనియుఁ బంచిపెట్టుట యీ పదములముందు నిలువదు.

ఎముకలను జెక్కుట మనశిల్పికిఁ దెలియునా యను ప్రశ్నకు భృంగి సమాధానము. ఆలంపురమున నాలయములు కట్టించిన చాళుక్యులే యాఱవశతాబ్దిలో బాదామియందుఁ గొండను దొలిపించిరి. అచ్చటి మొదటిగుహలో నర్ధనారీశ్వరునిప్రక్క భృంగి నిలిచియున్నాఁడు: ప్రక్కటెముకలు, కీళ్లు, ఎముకగూడు. శివునికే గాని పార్వతికిఁ బ్రదక్షిణము చేయనన్న భక్తుఁడాతఁడు. దేవి కోపించి యాతని దేహమునుండి రక్తమాంసములను దీసికొనఁగా నిలువలేక తూలెను. శివుఁడు మూఁడవకాలు ప్రసాదించెను. కథ వినువారు భక్తిని విందురు. అందు శారీరకము కూడ నున్నది. మాంసము, రక్తము, మేదస్సు, మజ్జ, హృదయము, ప్రేవులు మున్నగు మృదువులు మాతృజములనియు, కేశములు, ఎముకలు, గోళ్లు, పండ్లు, సిరలు, స్నాయువులు మున్నగు స్థిరములు పితృజములనియు సుశ్రుతుఁడు చెప్పెను. తల్లిభాగము తల్లి తీసికొనినచో మిగులునది తండ్రిభాగము, అనఁగా నెముకగూడు. బాదామిశిల్పి యొకే ఫలకమున నొకవంక స్త్రీపురుషభాగములు గలిసిన దేహమును, ఒకవంక స్త్రీభాగము పోయిన దేహమును నిలిపినాఁడు. ఇది చిత్తరువు లేని సుశ్రుతునకు దొరకిన చిత్తరువు. వెసేలియసుగ్రంథమున సమాధిపైఁ జేయిమోపి కపాలమును జూచుచు నిలిచిన యస్థిపంజరమును దలఁపించుచున్నది. కాని యచ్చట నెముకగూడు చావును దలపోయుచున్నది, ఇచ్చట నృత్యము చూచుచున్నది.

ఎముక తెలిసిన శిల్పి పాలంపేటలో దానిని దాఁచెను, బాదామిలో బైటఁ బెట్టెను. ఎచ్చట దేనికిఁ బని యున్నదో యచ్చట దానిని జూపెను. అచ్యుతరాయలకాలమున విరూపణ్ణ కట్టించిన లేపాక్షి వీరభద్రాలయమున నాట్యమండపస్తంభముపై మూఁడుకాళ్ల భృంగి మరలఁ గనఁబడును. రంభ యాడ, బ్రహ్మ మృదంగము వాయింప, భృంగి నాట్యాచార్యుఁడు. బాదామిలో మూఁడవకా లూఁతకోల. లేపాక్షిలో నది తాళము వేయునట్లున్నది. పదిశతాబ్దులలో శారీరము నాట్యమునకు లోఁబడినదని యీ రెండువిగ్రహములనడుమ స్పష్టముగఁ గాననగును.

ఇరువదవశతాబ్దిలో నీ తగవు చిత్రకారులలో మరల లేచినది. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు (1897-1925) కూల్డ్రేదొర ప్రోత్సాహమున బొంబాయి జె. జె. కళాశాలకుఁ బోయి, సజీవవ్యక్తిని నిలిపి చిత్రించు పద్ధతి నభ్యసించెను. బందరు జాతీయకళాశాలలోఁ బ్రమోదకుమార చటర్జీ వంగపద్ధతిని బోధించెను. ఒకరు శరీరము నెఱుఁగవలె ననిరి, ఒకరు భావము చాలు ననిరి. రామారావుచిత్రములలో శరీరము బరువు గలిగి నిలుచును, రేఖ మాత్ర మజంతావలెఁ బ్రవహించును. ఇరువదియెనిమిదేండ్లు నిండకమున్నే మశూచికముచే నాతఁడు పోకున్నచో రెండుపక్షములకు నొడంబడిక యేర్పడియుండునేమో.

పండితు లొక్కసారియైనఁ దలఁపని శారీరకులు తెనుఁగుదేశమున నింకను గలరు. వారు తోలుబొమ్మలవారు. అనంతపురపుసీమలో ధర్మవరముదగ్గఱి నిమ్మలకుంట వారికిఁ బెద్దయూరు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లోఁ బద్మశ్రీ లభించినది. మేఁకతోలును శుభ్రపఱచి, దీపపువెలుఁగు దూరునట్లు పలుచన చేసి, రంగులు వేసి, మెడ, భుజము, మోచేయి, మోకాలు మొదలగు కీళ్లకడ ముక్కలుగఁ గోసి, మరల దారముతోఁ గూర్తురు. కీలు ముడి యంగుళము పైకి జరిగెనా, హనుమంతుని చేయి విఱిగినట్లు వ్రేలాడును. క్రిందికి జరిగెనా, గద లేవదు. నర్తకిబొమ్మకుఁ గీళ్లెక్కువ, రాజుబొమ్మకుఁ దక్కువ. ముఖము ప్రక్కకుఁ దిరిగి యుండును, కన్ను మాత్రము చేఁపవలె విశాలము. ఉపమానము కంటికడ, పరిచ్ఛేదనము మోచేతికడ. తెరవెనుక నాడించువాఁడు సుశ్రుతుని చదివినవాఁడు గాఁడు, అవనీంద్రుని వినినవాఁడును గాఁడు. దారము బిగి చూచుకొని, వెదురుపుల్ల పట్టి, చేయి యెత్తి చూచి, సరిపడకున్న ముడి విప్పి రెండవచోట రంధ్రము చేయును.